గమనిక గడిలో బొబ్బర్లు

నవంబరు 4, సోమవారం. కొలత 33 గంట్లు.

ఈ వెనక పేజీలు తెరిచినవాళ్ళు బాగున్నారా. మీ ఇల్లు బాగుందా. ఇంట్లో ఆయన, ఆమె, ఎవరుంటే వాళ్ళు బాగున్నారా. పిల్లలకు జ్వరాలూ దగ్గులూ లేవు గదా. ముసలివాళ్ళ మోకాళ్ళు ఎలా ఉన్నాయి. ఆవులు పాలిస్తున్నాయా, దూడలు నిలబడ్డాయా. పడవ కారడం లేదు గదా. నీళ్ళు బాగున్నాయా. కట్ట బాగుందా. గేటు పళ్ళకు ఆముదం పెడుతున్నారా, లేక తుప్పు పట్టించారా. అందరూ బాగుంటే నేనూ బాగున్నట్టే, ఎడమ మోకాలు తప్ప.

ఇంత అడిగితే గాని ఈ ఏటి పొడుగునా ఎవరూ అసలు మాట మొదలుపెట్టరు. కొత్తగా వచ్చినప్పుడు మాకు విసుగ్గా ఉండేది. పార ఒకటి అడిగి తెచ్చుకోవడానికి వాళ్ళ మేనత్త దగ్గు గురించి కూడా అడగాలా అని మా ఆయన నాగన్న గొణిగేవాడు. ఇరవై రెండేళ్ళయింది. ఇప్పుడు అడగకుండా మాట్లాడితే అన్నం తినకుండానే చేయి కడుక్కున్నట్టుంటుంది.

నా పేరు పల్లెపు సాయవ్వ. నుముదుగు ఊళ్ళో నీళ్ళ గేటు కాస్తాను. నా తర్వాత ఈ స్టూలు మీద కూర్చునేవాళ్ళ కోసం ఈ వెనక పేజీలు రాస్తున్నాను. ముందు పేజీలు నావి కావు, అవి నీళ్ళ పుస్తకం. పొద్దున్నే రాతి స్తంభం మీద నీళ్ళు ఏ గంటు దాకా ఉన్నాయో చూసి అందులో రాయాలి. ఇలాంటివి మూడు పుస్తకాలు. నీళ్ళ పుస్తకం, మట్టిపనికి పాలమూరు నుంచి ఈ దేశం వచ్చిన మా తవ్వకం వాళ్ళది. చేపల పుస్తకం ఏటి మనుషులైన బోజోలది. మందల పుస్తకం ఆవులు కాసే ఫుల్బేలది. ఏ రోజు పేజీ ఆ రోజు మిగతా ఇద్దరికీ బొమ్మగా పోతుంది. అక్కడ పాత చదువు పెట్టె ఒకటి దాన్ని అక్షరానికి అక్షరం వాళ్ళ మాటలో చదువుతుంది. అందులో ఒక్క ముక్క కూడా ఎవరూ మార్చకూడదు. మూడు జాతులూ కూర్చుని ఒప్పుకున్న మాట అది. ప్రతి పేజీకి చివర 'గమనిక' అని ఒక గడి ఉంది. నా పుస్తకంలో అది ఎప్పుడూ ఖాళీయే. లెక్కలో కతలు రాయకు అని నాగన్న చెప్పి పోయాడు. అందుకని కతలన్నీ వెనక రాస్తాను.

ఈ రోజు కరెంటిచ్చే ఎండపలకలు రెండుసార్లు తుడిచాను. ఉత్తరపు దుమ్ము ముందే మొదలైంది. అదీ ఒక దిగులే. మధ్యాహ్నం మా మరిది కొడుకు భిక్షపతి పరాయి మాటను మన మాటగా మార్చి చెవిలో చెప్పే చెవిచిలకలు కొత్తవి పంచాడు. వాడు ఊరి కార్యదర్శి. పాతవి పెట్టెలో వేయించుకుని తీసుకుపోయాడు. నాకు పాత చిలకే బాగుండేది. మెల్లగా చెప్పేది, ఎదుటివాళ్ళు దగ్గితే దగ్గు కూడా వినిపించేది. పైగా మా పాలమూరు యాసలో చెప్పేది.

"పెద్దమ్మా, ఇది శానా తెలివైంది. వృథా మాట ఒక్కటి గూడ పోనియ్యదు" అన్నాడు.

"వృథా అంటే ఏందిరా?"

"చెప్పిందే చెప్పుడు. అడిగిందే అడుగుడు."

"నేనెప్పుడు అడిగిన్రా అడిగిందే?"

నవ్వుకుంటూ పోయాడు. ఇందులో నవ్వేదేముందో తెలియలేదు. మూడుసార్లు పిలిచి అడిగాను, చెప్పలేదు.

నవంబరు 5, మంగళవారం. కొలత 33.

నీళ్ళు దిగడం లేదు. ఎగువ కొండల్లో వానలు ఆలస్యమయ్యాయట. నాకు కాళ్ళూ చేతులూ ఆడటం లేదు.

ఎందుకో రాస్తాను. వానాకాలంలో ఫుల్బేలు మందలను తోలుకుని ఉత్తరాన పొడినేలలకు పోతారు. ఏరు దిగే కాలానికి మళ్ళీ ఇక్కడి పచ్చికకు వస్తారు. ఏరు దాటే బాట మా గేటు కిందనే. ఆ బాట గీసింది మేము కాదు, ఈ ప్రభుత్వమూ కాదు. రెండు వందల అరవై ఏళ్ళ కిందట ఇక్కడ ఏలిన దీనా రాజ్యం గీసింది. ఏ మంద ముందు, ఏ మంద వెనక అన్నది కూడా అప్పటి లెక్కే. కాగితం మీద తేదీ నవంబరు 30. కానీ నీళ్ళు 19 గంట్లకు దిగితేనే దూడ కాళ్ళకు నేల అందుతుంది. అంతకన్నా ఎక్కువుంటే చిన్న దూడలు కొట్టుకుపోతాయి, పెద్దవి కట్ట మీదికి ఎక్కుతాయి. కట్టకు అటూ ఇటూ మా వరి. డిసెంబరు సగానికి గాని కోతకు రాదు. ఎనిమిది వేల ఆవులు వరిలో పడితే ఊరు ఏడాదంతా ఏం తినాలి.

అందుకే ఏటా ఈ నెలలో, దూరాలకు మాట మోసే తీగపెట్టె మీద పెండాతో మాట్లాడి, తేదీ ముందుకో వెనక్కో జరుపుకుంటాం. పెండా నా ఈడుది. వాళ్ళ మందల పుస్తకం ఆమె దగ్గరుంటుంది. ఇప్పుడు పన్నెండు రోజుల నడక దూరంలో ఉంది. సాయంత్రం పాలు పిండే వేళకు పెట్టె ముందు కూర్చుంటుంది.

ఈ రోజు మాట్లాడాను. అన్నం పొయ్యి మీద పెట్టి మొదలుపెట్టడం నాకు అలవాటు. మోకాలు అడిగాను, మొగుణ్ణి అడిగాను, కోడళ్ళను పేరుపేరునా అడిగాను, వాళ్ళ అక్క తక్కో దగ్గు అడిగాను, ఈనబోయే ఎర్రావును అడిగాను. పెండా అటునుంచి చాలాసేపు మాట్లాడింది. పెట్టెలోంచి ఆమె గొంతు సన్నగా వినిపిస్తూనే ఉంది. చిలక మాత్రం "అందరూ క్షేమం" అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంది. మామూలుగా పలకరింపు అయ్యేసరికి అన్నం ఉడికేది. ఈ రోజు ఎసరు కూడా కాగలేదు.

ఏదో దాస్తోంది. ఎవరికో ఏదో అయింది.

నవంబరు 7, గురువారం. కొలత 33.

పెండా నన్ను గారు అన్నది.

"గౌరవనీయులైన సాయవ్వ గారికి నమస్కారములు." చిలక నా చెవిలో చెప్పిన మాట ఇది. చేతిలో చేట జారిపోయింది.

తెలియనివాళ్ళు గారు అంటే మంచిదే గదా అనుకుంటారు. ఇక్కడ కాదు. ఈ ఏటి మీద ఎవరు ఎవరిని ఎగతాళి చెయ్యాలో ఎనిమిది వందల ఏళ్ళ నాటి లెక్క ఉందని పెద్దలు చెబుతారు. దాన్ని సనంకూయా అంటారు. ఆ చుట్టరికం ఉన్నవాళ్ళు ఎదురుపడితే తిట్టుకోవాలి. కోపం తెచ్చుకోకూడదు, అడిగింది కాదనకూడదు, ఒకరి రక్తం ఒకరు కళ్ళచూడకూడదు. మేము వచ్చిన కొత్తలో మమ్మల్ని ఏ వరసలో పెట్టాలో తెలియక మూడు రోజులు కూర్చుని మాట్లాడారు. మా మగవాళ్ళ చేతుల్లో సుత్తులు, ఉలులు, గడ్డపారలు చూసి కమ్మర్లలో కలిపారు. ఊరి పేరు కూడా అట్లా వచ్చిందే. నుముదుగు అంటే కమ్మరి ఊరు. కమ్మర్లకూ ఫుల్బేలకూ సనంకూయా ఉంది. ఆ రోజు నుంచి పెండాకు నేను 'బొబ్బర్లు తినేదాన్ని'. ఇక్కడ అంతకన్నా పెద్ద తిట్టు లేదు, దాని కథ మర్యాదగా రాయలేను. నాకు ఆమె 'తోక పట్టుకుని ఏరు దాటేది'.

నాగన్న పోయినప్పుడు పెండా వచ్చి మట్టి పక్కన కూలబడింది. ఏడుస్తుందేమో అనుకున్నాం. "లెవ్వుర సోమరీ, బొబ్బర్లు ఉడికినయ్. పండుకున్నది చాలు" అని కర్రతో మట్టిని పొడిచింది. ఏడుస్తున్నవాళ్ళందరూ నవ్వారు, నవ్వుతూ ఇంకా ఏడ్చారు. ఆ చుట్టరికం ఉన్నవాళ్ళే ఆ పని చెయ్యాలి.

అటువంటి మనిషి నన్ను గారు అన్నది. ఈ చుట్టరికంలో తిట్టుకు బదులు మర్యాద వచ్చిందంటే తెగిపోయిందని అర్థం. నేనేం చేశాను. పోయినేడు ఆమె పెట్టిన పెరుగు మిగిల్చాను, అదేనా. పొట్ట బాగాలేదని చెప్పాను గదా.

నవంబరు 9, శనివారం. కొలత 33.

భిక్షపతి దగ్గరికి పోయాను.

"పెండా నన్ను గారు అంటున్నదిరా."

"మంచిదే గద పెద్దమ్మా. ఇంత వయసొచ్చినంకనన్న మర్యాద తెలిసింది ముసల్దానికి."

"అది మర్యాద గాదురా, కోపం."

"నీకు తిడితే కోపం లేదు, మొక్కితే కోపమా?" అని గోడకు అతికించిన కాగితం చూపించాడు. కొత్త చిలకల పనితనం గురించి పైనుంచి వచ్చిందట. కళ్ళజోడు పెట్టుకుని కూడబలుక్కుని చదివాను. దూషణలు సున్నా. వృథా పదాలు సున్నా. వినియోగదారుల తృప్తి నూరు.

"గీ నూరుల నేనున్ననా?" అని అడిగాను.

"అందరున్నరు" అన్నాడు.

నవంబరు 12, మంగళవారం. కొలత 32.

ఒక్క గంటు దిగింది. పెద్ద లాభం లేదు.

ఈ రోజు బాగా తిట్టాలని ముందే అనుకుని కూర్చున్నాను. కోపం ఉంటే కక్కేస్తుంది, మనసు తేలికవుతుంది.

"నీ కన్న నీ ఆవులకే బుద్ధి ఎక్కువ" అన్నాను.

కాసేపటికి చిలక చెప్పింది: "మా పశువులపై మీ ప్రశంసకు కృతజ్ఞతలు."

"తోక వట్టుకొని ఏరు దాటేదానా, ఈపాలి తోక తెగుతది సూడు" అన్నాను.

"ప్రయాణ భద్రతపై మీ సూచనను స్వీకరించాము. మీరు పప్పుధాన్యాలు సమృద్ధిగా తీసుకుంటున్నారని ఆశిస్తున్నాము."

పప్పుధాన్యాల సంగతి ఇప్పుడెందుకు. నాకు ఏడుపొచ్చింది. ఎనిమిది మాటలాడితే ఎనిమిదీ ఉప్పు లేని జావలా తిరిగొచ్చాయి. నీళ్ళు ఎక్కువున్నాయి, ఈసారి మూడు వారాలు ఆగాలి అని చెప్పి పెట్టె మూసేశాను. పలకరింపు లేదు, వీడ్కోలు లేదు. పొయ్యి మీద అన్నం మాడింది.

నవంబరు 15, శుక్రవారం. కొలత 31.

నేను భయపడ్డంతా అయింది. సాయంత్రం పెండా మాట్లాడలేదు. వాళ్ళ మేత పెద్ద హమ్మాదీ మాట్లాడాడు. ఆ మేత భూములన్నిటికీ ఆయనే యజమాని, ఆయన అడుగు వేస్తేనే మంద కదులుతుంది. చిలక చెప్పింది ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

"మీ మాట తీరును బట్టి మన మధ్య పూర్వ సంబంధం ముగిసినదని గ్రహించాము. కనుక వేచి ఉండవలసిన అవసరం మాకు లేదు. ఒప్పంద పత్రం ప్రకారం నవంబరు 30, శనివారం మందలు దాటును."

నా మాట తీరు ఏమిటి. గారు అన్నది వాళ్ళు. తెంపింది వాళ్ళు. నెపం నా మీదా.

30వ తేదీకి నీళ్ళు 26 కన్నా దిగవు. స్తంభం దగ్గరికి మూడుసార్లు పోయి చూశాను, చూస్తే దిగుతాయన్నట్టు.

నవంబరు 16, శనివారం. కొలత 31.

ఊళ్ళో మగవాళ్ళు మోకులూ గుంజలూ పోగేస్తున్నారు. కట్టకు అడ్డంగా కంచె వేస్తారట. గడ్డపారలు కూడా బయటికి తీశారు. గుంజలు పాతడానికే అన్నారు. పాతడానికి అన్ని ఎందుకు. సనంకూయా ఉన్నన్నాళ్ళు ఆ ఆలోచనే ఎవరికీ రాలేదు. పోయిందనగానే చేతులు ఇనుము వెతుక్కుంటున్నాయి.

సాయంత్రం బాకరీ చేపలు తెచ్చాడు. పూర్తి పేరు బాకరీ కరబెంతా. బోజో మనిషి, ఇక్కడి నీళ్ళ పెద్ద. యాభై దాటాయి. ఎప్పుడూ నీళ్ళలో ఉంటాడు గనక చిలక పెట్టుకోడు. ఫుల్బేల మాట ముందే వచ్చు, మా ఆడవాళ్ళకు చేపలమ్ముతూ తెలుగూ నేర్చాడు. అందుకని ఆయన తెలుగంతా బేరమూ దెబ్బలాటే.

నేను అప్పుడు తీగపెట్టె ముందు కూర్చుని ఉన్నాను. మా మొగోళ్ళు గడ్డపారలు తీస్తున్నారు, గొడ్లు పోతాయి, మీ పిల్లలు పోతారు, ఆగవే అని పెండాను బతిమాలుతున్నాను. చిలక నా మాటను వాళ్ళ భాషలోకి మారిస్తే పెట్టె దాన్ని పైకి పలికి పంపుతుంది. బాకరీ గంప దించి నిలబడి విన్నాడు.

"అవ్వా, గా పెట్టెల మాట్లాడేది ఎవరు?"

"నేనే."

"నువ్వు గాదు. సర్కారోడు. 'మా సిబ్బంది పనిముట్లతో సిద్ధముగా ఉన్నారు, దయచేసి సహకరించండి' అన్నడు."

నా చెవిలోంచి చిలకను ఊడబెరికి గంపలో చేపల మధ్య పడేశాను. పోయిన వారం నేను ఏమేం అన్నానో ఒక్కొక్కటీ చెప్పాను. బాకరీ నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. తడి నేల మీద కూర్చున్నాడు.

"నాకూ గట్లనే అయితున్నది. మీ ఆడోళ్ళతోని బేరం లేదు, తిట్టు లేదు. మా బోజో మాటల రేటు చెప్తె చిలక వాళ్ళకేం చెప్తదో, మొక్కి పోతున్నరు. శాపల్ల ఏమన్న రోగమొచ్చిందా అనుకుంటున్న."

"పెండాకు అన్నీ గిట్లనే పోయినయా?"

"పోయే ఉంటయ్. నీకు గారు వచ్చింది, నీ నుంచి ఆమెకు గూడ గారు పోయింది. ఇద్దరు ఒకరినొకరు తెంపిండ్రు అనుకున్నరు."

అప్పుడు పప్పుధాన్యాలు గుర్తొచ్చాయి. బొబ్బర్లు తినేదానా అన్నది, మహాతల్లి. పన్నెండు రోజుల దూరం నుంచి చిలక మాట కింద గొంతు చించుకుని తిట్టింది. నేను అన్నం మాడ్చుకున్నాను.

నువ్వు చెప్పరాదా అని బాకరీని బతిమాలాను. తల ఊపలేదు. "మాకు తిట్లు గా కొండల డోగోన్లతోని. ఫుల్బేలతోని నాకు తిట్టే హక్కు లేదు. నా మాట వినాలని వాళ్ళకేం లేదు" అన్నాడు. గంపలోంచి చిలకను తీసి, తుడిచి, నా చేతిలో పెట్టి పోయాడు.

నవంబరు 17, ఆదివారం. కొలత 30.

పెండాకు ఉన్నదున్నట్టు చెప్పాలని పెట్టె ముందు కూర్చున్నాను. "పెండా, నేను గాదే, గీ చిలక మాటలు మారుస్తున్నది" అన్నాను. పెట్టె వాళ్ళ భాషలో ఏమీ పలకలేదు. నా చెవిలో చిలక చెప్పింది: "సేవపై మీ ఫిర్యాదు నమోదైనది. మీ ఫిర్యాదు సంఖ్య 40771. నలభై పనిదినాలలో పరిష్కరించబడును."

మళ్ళీ చెప్పాను. సంఖ్య 40772 వచ్చింది. నాలుగోసారికి "మీరు ఇప్పటికే నమోదు చేశారు" అన్నది. చిలక మీద చాడీ చిలక చేతికే ఇచ్చాను. ఎవరికి చెప్పుకోవాలి.

భిక్షపతికి చెప్పాను. వాడి ముఖం కొంచెం పాలిపోయింది, కానీ ఒప్పుకోలేదు. "పాతయి వెనక్కి పంపిన పెద్దమ్మా. ఇప్పుడు నేనేం జెయ్యాలె? నలభై దినాలు ఆగు" అన్నాడు. గొడ్లు పదమూడు రోజుల్లో వస్తాయిరా అంటే, కంచె కడుతున్నాం గదా అన్నాడు.

అన్నం దిగలేదు. పెండా మోకాలు ఎలా ఉందో కూడా తెలియదు.

నవంబరు 19, మంగళవారం. కొలత 29.

పొద్దున కొలత రాయడానికి ముందు పేజీ తెరిచాను. 29 అని రాశాను. పక్కన ఖాళీ గడి. ఇరవై రెండేళ్ళుగా చూస్తున్న గడే. చిలక చేయి పెట్టలేని చోటు ఈ ఏటి మీద ఇదొక్కటే అని అప్పుడు తట్టింది. ఇంత ఆలస్యంగా తట్టినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

నాగన్న మాట తీసేస్తున్నందుకు ముందు అతనికి మొక్కాను. తర్వాత రాశాను. తొందరలో రెండుచోట్ల సిరా మరకైంది. చదువు పెట్టె మరకల్ని చదవకుండా ఉంటే చాలు.

"గమనిక: 19వ గంటు దగ్గర బొబ్బర్లు పోశాను. నీళ్ళు అక్కడికి దిగినాక, తోక పట్టుకుని ఏరు దాటే పెండా వచ్చి ఏరుకుని తినాలి. ఆమె తిన్నాకే ఆవులు దిగాలి. ముందే వస్తే బొబ్బర్లు దొరకవు, ఏడవకూడదు."

రాసి పంపాక భయం పట్టుకుంది. ఇప్పటికే తెగిపోయిందనుకుంటున్నవాళ్ళకు ఇది నిజం తిట్టు అయితే?

నవంబరు 20, బుధవారం. కొలత 29.

మందల పేజీ రాలేదు. భిక్షపతి మాత్రం వచ్చాడు.

"లెక్క పుస్తకంల తిట్లు రాసినవంట? మూడు జాతులకు పోతది గది. రేపు కోర్టుల పెడితే ఏమనాలె?"

"కోర్టుల కూడా గట్లనే చదువుమను. అక్షరం మార్చొద్దు."

"వాళ్ళు ఇంక కోపంతోని వస్తరు పెద్దమ్మా."

"వస్తె నేను ముందట కూసుంటరా కట్ట మీద. నువ్వు కంచె నా ఎనక కట్టుకో."

వాడు పోతూ పోతూ నా ఎండపలకలు తుడిచిపోయాడు. ఎప్పుడూ తుడవనివాడు.

నవంబరు 21, గురువారం. కొలత 29.

మందల పేజీ వచ్చింది. చదువు పెట్టెను గుడ్డతో తుడిచి, స్టూలు దగ్గరికి జరుపుకుని విన్నాను. దానికి వయసైంది, మధ్యలో గురగురలాడుతుంది.

"ఆవులు ఎనిమిది వేల నూట పన్నెండు. చోటు మూడు బావులు. గమనిక: నుముదుగు సాయవ్వ నోట్లో పళ్ళు ఎన్ని మిగిలాయో కొలత రాయలేదు. లేని పళ్ళతో బొబ్బర్లు ఎట్లా నములుతోంది. ఇన్నాళ్ళూ అత్తగారింటికి వచ్చిన కొత్త కోడలిలా మాట్లాడింది. నోరు ఎవరికి అద్దెకిచ్చింది."

మూడుసార్లు చదివించాను. నాలుగోసారి బాకరీ పడవ ఆపి విన్నాడు. ఈసారి నవ్వాడు, గంప తిరగబడేంతగా నవ్వాడు.

నవంబరు 22, శుక్రవారం. కొలత 28.

ముందు పేజీ గమనిక గడి చాలడం లేదు. అంచుల మీద రాశాను. పళ్ళు పదకొండు అని రాశాను. నోరు చిలక ఎత్తుకుపోయిందని రాశాను. దాని కింద ఒక్కొక్కరినీ వరసగా అడిగాను. పెండా మోకాలు. పెండా మొగుడి కళ్ళు. కోడళ్ళు. ఎర్రావు. తక్కో దగ్గు. హమ్మాదీ గడ్డం, ఇంకా మేకలు తింటున్నాయా అని.

నవంబరు 24, ఆదివారం. కొలత 28.

మందల పేజీలో జవాబులొచ్చాయి. మోకాలు నా దాని కన్నా మేలట. మొగుడి కళ్ళు అట్లాగే. ఎర్రావు ఈనింది, పెయ్యదూడ. చివరన: "తక్కో అక్టోబరు నెలాఖరులో పోయింది. సాయవ్వ అడిగిన రోజే చెప్పాను. ఏడ్చి చెప్పాను. నీళ్ళు ముప్పై మూడు అని జవాబిచ్చింది."

పుస్తకం మూసి కూర్చున్నాను. అందరూ క్షేమం అని నా చెవిలో పడిన రోజు అది. వృథా మాట అని చిలక కోసేసింది తక్కో చావును. పలకరింపులోనే గదా చావూ పుట్టుకా చెప్పుకునేది, ఇంకెక్కడ చెప్పుకుంటారు.

నేను ఇటువైపు నీళ్ళ లెక్క చెప్పాను. ఆ తర్వాత కూర్చుని, నన్ను గారు అన్నదని ఏడ్చాను.

నవంబరు 25, సోమవారం. కొలత 27.

కొలత రాసి, గమనిక గడిలో ఏం రాయాలో పొద్దంతా ఆలోచించాను. క్షమించు అని రాస్తే గారు అన్నట్టే అవుతుంది. పెండా నాగన్నకు చేసింది గుర్తొచ్చింది. అది ఆమె హక్కు, నాకూ ఆ హక్కుంది.

"గమనిక: తక్కో నాకు పోసిన పాలలో ఎప్పుడూ సగం నీళ్ళే. ఏరు తగ్గకపోవడం ఆమె పనే. పోతూ పోతూ కుండలన్నీ ఇందులో కుమ్మరించి పోయింది. ఆమె దగ్గు లేక ఈ గేటుకు తోచడం లేదు."

రాసేటప్పుడు కళ్ళజోడు మసకైంది. అక్షరాలు వంకరగా పోయాయి. ఆ చదువు పెట్టె వంకర అక్షరాలు చదవగలదో లేదో.

నవంబరు 27, బుధవారం. కొలత 26.

చదివింది. మందల పేజీ వచ్చింది. ఊళ్ళోవాళ్ళు గేటు దగ్గర నిలబడి విన్నారు. భిక్షపతి వెనక నిలబడ్డాడు, చేతిలో మోకుచుట్ట.

"ఆవులు ఎనిమిది వేల నూట పన్నెండు, దూడ ఒకటి. చోటు మూడు బావులు, కదలడం లేదు. గమనిక: కమ్మరిది అడిగితే కాదనడానికి లేదని హమ్మాదీ అంటున్నాడు. తక్కో పాల గురించి విని మా ఇంటివాళ్ళు నవ్వారు. ఆమె పోయాక మొదటిసారి నవ్వారు. నీళ్ళు పంతొమ్మిదికి దిగినాక వచ్చే శనివారం దాటుతాం. నేను ముందుగా దాటి సాయవ్వ ఇంటికి వస్తాను. బొబ్బర్లు ఉడికించి పెట్టాలి, ఊరందరి ముందు ఆమే తినాలి. తిన్నాక ఇద్దరం నాగన్న దగ్గరికి పోవాలి. ఇన్నేళ్ళయినా ఆ సోమరి లేచాడో లేదో చూడాలి."

భిక్షపతి మోకుచుట్టను గేటు కొక్కేనికి తగిలించాడు. "పెద్దమ్మా, బొబ్బర్లు మా ఇంట్ల ఉన్నయ్, పంపిస్త" అన్నాడు. పురుగు పట్టనివి పంపమన్నాను. ఇంకా చాలా రోజులుంది, ఇప్పటి నుంచే పురుగు పడుతుందేమోనని దిగులుగా ఉంది.

బాకరీతో కూర్చుని నీళ్ళ లెక్క వేశాను. మూడు రోజులకో గంటు దిగితే డిసెంబరు పద్నాలుగో తేదీకి ఇరవై ఒకటి. ఆ తర్వాతి శనివారం లోపే పంతొమ్మిది, ఎగువన మళ్ళీ వాన పడకపోతే. పడదు అన్నాడు బాకరీ. నీకెట్ల తెలుసు అంటే, చేపలు గుడ్లు పెట్టి పోయినయ్ అన్నాడు.

ముందు పేజీ గమనిక గడిలో పెద్ద అక్షరాలతో రాసి పంపాను. మరక పడకుండా రాశాను.

పెండా రావలసిన రోజు: డిసెంబరు 21, శనివారం, పొద్దున పాలు పిండినాక.